ఒక్క ఫైలూ, నూట నలభై పూల పేజీలూ

కడియం దగ్గర మొక్కల రైతుల సంఘంలో వెబ్ పేజీలు రాసే తాతారావుకి పని బాగా వచ్చు గానీ, ఒకరు చెబితే వినడం మాత్రం రాదు. ఆ సంఘంలో ప్రతి మొక్కకీ ఒక పేజీ ఉండేది. పూల మొక్కలవి నూట నలభై పేజీలు, అవి తాతారావువి. పళ్ళ మొక్కల పేజీలు నూకరత్నానివి. ఇద్దరూ కోడ్ అంతా చేత్తోనే రాసేవారు.

అయితే నూకరత్నం అక్షరాల రంగూ సైజూ విడిగా ఒక్క ఫైల్లో రాసి, తన పేజీలన్నిటినీ దానికి తగిలించింది. దాన్నే స్టైల్ షీట్ అంటారు. నువ్వూ అలా చెయ్యి తమ్ముడూ అని ఎన్నిసార్లు చెప్పిందో! అదంతా బద్ధకస్తుల పని అని తాతారావు నవ్వేసేవాడు. మహానుభావుడు ప్రతి పేజీలో ప్రతి వరసకీ విడివిడిగా రంగు రాసుకునేవాడు. లేత ఆకుపచ్చ అక్షరాలు. అందంగానే ఉండేవి, నీడలో చూస్తే.

ఒకరోజు పొద్దున్నే అప్పాయమ్మ సంఘానికి వచ్చింది. ఆమెకున్నది నాలుగు సెంట్ల స్థలం, అందులో ఇరవై రకాల మందారాలు. మర్నాడు బెంగళూరు నుంచి తోటలు వేసేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు ఎండలో తిరుగుతూ, ఫోన్లో పేజీలు చూసి మొక్కలు ఎంచుకుంటారు. ఏడాదంతా ఆమె ఎదురుచూసింది ఆ ఒక్క రోజు కోసమే.

"ఎండలో నా మందారం పేరు నాకే కనపడట్లేదు నాయనా," అంది ఫోను చూపించి.

తాతారావు ఆ ఫోను ఎండలోకి పట్టి చూశాడు, నిజమే. సాయంత్రానికల్లా మార్చేస్తానని మాటిచ్చి, ఒక్కో పేజీ తెరిచి దిద్దడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి ఇరవై రెండు పేజీలయ్యాయి. కళ్ళు లాగేశాయి. ఒకచోట పెద్దక్షరాలు ఇక్కడితో ఆగాలని చెప్పే ముగింపు గుర్తు చెరిగిపోయి, ఎర్ర మందారం పేజీ మొత్తం పోస్టరంత అక్షరాలతో నిండిపోయింది. ఇంకా నూట పద్దెనిమిది పేజీలున్నాయి. పక్క బల్ల దగ్గర నూకరత్నం ఎండలో కనపడేలా తన ఫైల్లో రెండు వరసలు మార్చి, పళ్ళ పేజీలన్నీ ఎప్పుడో ముగించేసి టీ తాగుతోంది.

తాతారావు సిగ్గు విడిచి అడిగాడు. "అక్కా, నీ ఫైలు నాకూ ఇస్తావా?"

ఆమె దెప్పలేదు. "మీ తోటలో మొక్కమొక్కకీ చెంబుతో నీళ్ళు మోస్తారా? మోటారు ఒక్కసారి వేస్తారు గదా. ఇదీ అంతే, రా," అంటూ కుర్చీ జరుపుకుంది.

పేజీల్లో ఇరికించిన రంగులన్నిటినీ ఒకే దెబ్బకి ఎలా తీసెయ్యాలో చూపించింది. ఒక్కో పేజీ పైన ఆ ఫైలు పేరు చేర్పించింది. ఇద్దరూ కలిసి పొద్దు వాలకముందే ముగించారు.

మర్నాడు బెంగళూరు వాళ్ళు దారిలో ఉండగా, అక్షరాలు ఇంకాస్త ముదురైతే బాగుండునంది అప్పాయమ్మ. తాతారావు ఒక్క వరస మార్చాడు. నూట నలభై పేజీలూ ఒక్కసారే మారిపోయాయి. వచ్చినవాళ్ళు ఎండలో నిలబడి పేర్లు చదువుకుంటూ, ఆమె మందారాల్లో పదహారు రకాలు ఎంచుకున్నారు.

అప్పాయమ్మ కళ్ళు తుడుచుకుని, ఒక ముద్దమందారం మొక్క తెచ్చి తాతారావు చేతిలో పెట్టింది. అతను దాన్ని తిన్నగా తీసుకెళ్ళి నూకరత్నం బల్ల మీద ఉంచాడు.

"ఇది నీది అక్కా. నిన్న నువ్వు లేకపోతే, నా మొండితనానికి ఆవిడ ఏడాది కష్టం పోయేది. నీ మేలు మరిచిపోను," అన్నాడు.

నీతి: ఒక్కచోట దిద్దితే సరిపోయేదాన్ని నూరుచోట్ల దిద్దడం పనితనం కాదు, సులువు చెప్పినవారి మాట వినాలి, విని బాగుపడ్డాక వారిని మరవకూడదు.