బల్ల మీద అరగంట

డాక్టర్ సుభద్రమ్మగారికి ఒక అలవాటుంది. పుస్తకంలో దొరికే ప్రశ్న అడిగితే ఆ పుస్తకం పేరు చెప్పి పంపేస్తారు. పుస్తకంలో దొరకని ప్రశ్న అడిగితే మాత్రం జవాబు చెప్పరు, ఏదో ఒక పని చేయిస్తారు. ఆ క్యాన్సర్ ఆసుపత్రి రేడియేషన్ విభాగంలో ముప్పై ఏళ్ళుగా ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళందరూ ఈ సంగతి ఎరుగుదురు. ఆఖరి సంవత్సరం చదువుతున్న కిరీటీ ఎరుగును. అయినా ఆ మధ్యాహ్నం కోపంలో ఒళ్ళు మరిచి అడిగేశాడు.

"కిడ్నీలో పుట్టి వెన్నుపూసలకి పాకిన క్యాన్సర్ మేడమ్. ఆయనకి మహా అయితే ఏడాది. మన మిషన్‌కేమో రెండు వారాల క్యూ. ఇలాంటివాళ్ళకి రేడియేషన్ ఇచ్చి ఎన్నాళ్ళు బతికిస్తాం?"

ఆ కోపం పొద్దుటిది. సన్యాసి అని, అనకాపల్లి వైపు బెల్లం వండే మనిషి. వారం నుంచి కాళ్ళలో పట్టు తగ్గుతోంది. ఆలస్యమైతే వెన్నుపాము నలిగి నడక పోతుందని సుభద్రమ్మగారే ఆయన్ని క్యూ దాటించి ఆ రోజుకి చోటిచ్చారు. ముందురోజు కిరీటి స్కాన్ తీయించి, కిరణాలు ఎక్కడ పడాలో గుర్తుగా ఆయన ఒంటిమీద సిరాతో గీతలు గీశాడు. తీరా పొద్దున చొక్కా విప్పించి చూస్తే ఒక్క గీతా లేదు. భార్య నూకాలు నలుగుపెట్టి, ఒళ్ళు రుద్ది, శుభ్రంగా స్నానం చేయించి మరీ తీసుకొచ్చింది.

"గుళ్ళోకి తానం సెయ్యకండా ఎల్తామా బాబూ?" అంది నూకాలు. "పేణం నిలబెట్టే మిసను కాడికి మురికి ఒంటితో ఎలాగ తెస్తాను?"

కిరీటి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. పదిమందిలో ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు. సన్యాసి గోడ పట్టుకు నిలబడి, "దాన్నేటీ అనకండి బాబూ, నన్ననండి" అంటున్నా వినిపించుకోలేదు. ఆ చోటు ఇంకొకరికిచ్చి, వచ్చే సోమవారం రమ్మని ఇద్దరినీ పంపేశాడు. పంపేసి, క్యాంటీన్‌లో రెండు గ్లాసుల మజ్జిగ తాగినా అతని కోపం చల్లారలేదు.

సుభద్రమ్మగారు అంతా విన్నారు. "గీతలు చెరగకూడదని ఆవిడకి చెప్పావా?"

"కాయితం ఇచ్చాను మేడమ్. అందులో ఉంది."

"ఏ భాషలో ఉంది?"

కాయితం ఇంగ్లీషులో ఉంది. దాన్ని నూకాలు రేషన్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టుకోవడం కిరీటి పొద్దున చూశాడు కూడా.

సుభద్రమ్మగారి మొహం జేవురించింది. టెక్నీషియన్ గౌరునాయుణ్ణి పిలిచి, వాళ్ళిద్దరూ ఎక్కడున్నా వెతికి తీసుకురమ్మన్నారు. తర్వాత కిరీటి వైపు తిరిగి, "వెళ్ళి మిషన్ బల్ల మీద పడుకో" అన్నారు.

భోజనాల వేళ కావడంతో మిషన్ ఖాళీగానే ఉంది. అతను పడుకున్నాక ఆవిడే చేతులకీ నడుముకీ తొడలకీ పట్టీలు బిగించి, కదలొద్దని చెప్పి, బరువైన తలుపు మూసి వెళ్ళిపోయారు.

మొదటి పది నిమిషాలూ అతను ఆవిణ్ణి తిట్టుకున్నాడు. ఆ నూకాలు తప్పు చేస్తే శిక్ష నాకా అనుకున్నాడు. కిడ్నీ క్యాన్సర్ మామూలు మోతాదు కిరణాలకి ఓ పట్టాన లొంగదని ఈవిడకి తెలీదా అనుకున్నాడు. ఆ తర్వాత గట్టి బల్ల నడుముకి ఒత్తుకోసాగింది. ఇంకాసేపటికి తాగిన మజ్జిగ పనిచేసింది. ముందు మర్యాదగా పిలిచాడు, తర్వాత అరిచాడు, చివరికి ఎవరైనా సరే రండి బాబూ అని మొత్తుకున్నాడు.

అరగంటకి తలుపు తెరుచుకుంది. సుభద్రమ్మగారి వెనకాల నూకాలు, ఆవిడ తోస్తున్న చక్రాల కుర్చీలో సన్యాసి. పొద్దున నిలబడ్డ మనిషి బస్టాపులో కాళ్ళు మడతపడి కూలిపోయాడట.

"మేడమ్, బాత్‌రూమ్‌కి వెళ్ళాలి. పట్టీలు విప్పండి."

"విప్పడమెందుకు? డబ్బా ఉంది. నూకాలమ్మ పట్టుకుంటుంది, కానియ్."

కిరీటి మొహం మాడిపోయింది. "వద్దు మేడమ్! నేనే వెళ్తాను, నా కాళ్ళతో నేనే వెళ్తాను" అన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని కుర్చీలో మనిషి కాళ్ళు అతనికి కనిపించలేదు.

నూకాలు తల తిప్పుకుంది. సన్యాసి నవ్వలేదు. "ఇప్పెయ్యండమ్మా. ఆ బాద నాను పడతన్నాను" అన్నాడు.

సుభద్రమ్మగారు ఒక్కొక్క పట్టీ విప్పారు. కిరీటి బల్ల దిగి, ఎవరి మొహమూ చూడలేక తలుపు దాకా వెళ్ళాడు.

"త్వరగా రా, ఈయనకి మళ్ళీ స్కాన్ తీసి గీతలు గియ్యాలి" అన్నారావిడ వెనకనించి. "నువ్వెన్నాళ్ళు బతుకుతావో అది తర్వాత చూద్దాం."