నక్క చెప్పిన తిన్నటి దారి

కొల్లేటి నీళ్లు ఎండకి వెనక్కి జరుగుతున్నాయంటే, తల మీద నల్లచారలున్న చలిదేశపు బాతులకి ఇంటిదారి పట్టే వేళయిందన్నమాట. ఎక్కడో ఉత్తరాన మంచుకొండలు దాటితే వాటి సరస్సు. ఆ గుంపుకి పెద్ద మంగతాయి. ఆవిడ ఊఁ అంటే లేవాలి, ఉహూఁ అంటే ఆగాలి.

ఈసారి మంగతాయి ఊఁ అనలేకపోయింది. పిల్లబాతు సీతాలు చేపల వలలో చిక్కుకుని రెక్క బెణికించుకుంది. నాలుగు రోజులు కడుపారా తిని కదలకుండా ఉంటేగానీ ఎగరలేదు. ఉందామా అంటే గట్టు నిండా కుక్కలు, అడవిపిల్లులు. వదిలేసి పోదామా అంటే ప్రాణం ఒప్పదు.

అలాంటప్పుడు వచ్చాడు గురవయ్య నక్క, ఒళ్లంతా వినయం చేసుకుని.

"చెల్లెమ్మా, మీ ఊరెంత దూరమేంటి?"

"గాలి కలిసొస్తే దగ్గర, ఎదురొస్తే దూరం అన్నయ్యా. దారిలో ఏటి తిన్నెల మీద దిగి, మేసి, అలుపు తీర్చుకుని పోతాం."

"అయ్యయ్యో! అందుకేనమ్మా మీకన్నాళ్లు పట్టేది! తిన్నగా పోతే ఎంతని? మధ్యలో దిగడం శుద్ధ దండగ. అదిగో, కోసిన చేలో వడ్లు రాలి ఉన్నాయి. దారికి సరిపడా ఇక్కడే పొట్ట పగిలేలా మేసేయండి. ఒక్క ఊపున వెళ్లిపోయి, గుడ్లు పెట్టుకునే మంచి చోట్లన్నీ ముందే పట్టేయొచ్చు."

"మరి కుక్కలొస్తేనో?"

"నేను చచ్చానా? కాపలా నాది!"

మంగతాయి లోలోపల నవ్వుకుంది. అన్ని వడ్లు మింగిన బాతు నేల మీంచి లేవలేదని నక్కకి తెలుసు. మంగతాయికీ తెలుసు. ఆవిడకి తెలుసన్న సంగతే నక్కకి తెలీదు.

"ఎంత మంచివాడివన్నయ్యా!" అంది.

వాడటు వెళ్లగానే సీతాలు బిక్కమొహం వేసింది. "పెద్దమ్మా, వాణ్ణి నమ్మావా?"

"నమ్మడమేంటే పిచ్చిదానా, వాడుకుంటున్నాను. నువ్వు మెయ్యి."

ఇక చూడాలి గురవయ్య అవస్థ! పొద్దంతా కుక్కలతో కొట్లాట, చీకటి పడితే పిల్లులతో రచ్చ. చెవి చిరిగింది, తోక ఊడినంత పనైంది. అయినా బాతుల్ని చూసి లొట్టలేసుకుంటూ ఓర్చుకున్నాడు. అవి చేలో ముక్కులు పెట్టి తెగ మేస్తున్నట్టే ఉండేవి. ఈకలు పొంగించి, ఊగుతూ తూగుతూ నడిచేవి. ఆకలి తీరా తిన్నది మాత్రం సీతాలొక్కతే.

"ఏవమ్మా, బరువెక్కారా?"

"అడుగు పడ్డం లేదన్నయ్యా, నీ పుణ్యమా అని!"

ఓ పొద్దున సీతాలు రెక్కలు రెండూ చాచి విదిల్చింది. నొప్పి లేదు. గాలి కూడా దక్షిణం నుంచి ఇంటివైపుకి తిరిగింది. "ఊఁ" అంది మంగతాయి. సరిగ్గా అప్పుడే ఓపిక చచ్చిన గురవయ్య సీతాలు మీదికి దూకాడు. నోటికి ఒకే ఒక్క ఈక దక్కింది. గుంపు గుంపంతా ఝమ్మని పైకి లేచిపోయింది.

"మోసం! అంత తిని ఎలా లేచారే?" అని గోలపెట్టాడు.

"తినేది దారిలో తింటాం అన్నయ్యా! ఇక్కడ మాకు కావాల్సింది కాపలా. అది నువ్వే కాశావు!"

సీతాలు పకపకా నవ్వి గుంపు మధ్యలోకి చేరిపోయింది. గురవయ్య నోట్లో ఈక ఉమ్మేసి, చిరిగిన చెవి గోక్కుంటూ చేలో కూలబడ్డాడు.

దూరం ఎవడైనా చెబుతాడు. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు లేవాలో ఎగిరేవాళ్లే తేల్చుకోవాలి.