యాభై ఆరు అవునులు

అడిగిన గదిలో జవాబు చెప్పకపోవడం ఆచార్య కమలాకరం గారి అలవాటు. సముద్రం పక్కనున్న ఆ ఊరి విశ్వవిద్యాలయంలో ఆయన ఎమ్మే పిల్లలకు సూక్ష్మ అర్థశాస్త్రం చెబుతారు. ప్రభుత్వం ఫలానా పని చేస్తే జనం ఏం చేస్తారో ముందుగా ఊహించే విద్య అది. అవకాశ వ్యయం అంటే ఏమిటని అడిగిన పాపానికి ఒకతణ్ణి రెండు సినిమా హాళ్ళ మధ్య నిలబెట్టి, ఏ ఆటకు వెళ్తావో తేల్చుకోమని, రెండూ మొదలైపోయేదాకా తాను వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నారట. అందుకే ఆయన్ని ఏదైనా అడగబోయే ముందు పిల్లలు కాళ్ళకు చెప్పులున్నాయో లేవో చూసుకుంటారు.

హేమలత ఆ రోజు చూసుకోలేదు. కోపంలో ఉంది. రెండో ఏడాది పిల్లల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. మిగతావాళ్ళు తల పట్టుకునే ఉదాసీనతా వక్రాలను ముగ్గు పెట్టినంత సులువుగా గీసేస్తుంది. బస్టాండు మలుపులో రోడ్డు పక్కన చేపలమ్మే ఆడవాళ్ళను ఊరవతల కొత్తగా కట్టబోయే షెడ్డులోకి మార్చాలని మునిసిపాలిటీ వాళ్ళు అనుకుంటున్నారు. వాళ్ళు వెళ్తారో లేదో కనుక్కుని రాయమని ఈమెకు అప్పగించారు. ఆమె వెళ్ళి, అందరినీ ఒకచోట కూర్చోబెట్టి, తానెవరో చెప్పుకుని, ఒక్కొక్కరినే అడిగి రాసుకొచ్చింది. అరవై రెండు మందిలో యాభై ఆరుగురు అవునన్నారు, ఆరుగురు కాదన్నారు. ఆ కాగితాలు చేరితే షెడ్డుకు శంకుస్థాపన. రిపోర్టు బాగుంటే హేమలతకు చదువవగానే ఆ ఆఫీసులోనే ఏడాది ఉద్యోగం. ఇక కావలసింది గురువుగారి సంతకం. ఆయన నాలుగు రోజులుగా దాన్ని బల్ల మీద పెట్టుకుని, దానిపైన కళ్ళజోడు పెట్టి, ఊరుకున్నారు.

"మనిషికి ఏం కావాలో ఆ మనిషినే అడిగాను కదా సార్. ఇంతకన్నా సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?" అంది హేమలత.

కమలాకరం గారు గోడ గడియారం కేసి చూశారు. "భోజనం వేళయింది. మా ఇంటికి పద."

ఆయన ఒంటరి మనిషి, వంట స్వయంగా చేసుకుంటారు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఆ సంగతి మొదటి ముద్దకే తెలిసిపోతుంది. ఆ రోజు కాకరకాయ పులుసు. చేదుకి చేదు, ఉప్పుకి ఉప్పు, అడుగంటిన వాసన అదనం. హేమలత ముద్ద మింగి నీళ్ళ గ్లాసు అందుకుంది.

"పులుసు ఎలా ఉంది?"

"బాగుంది సార్."

"ఇంకొంచెం వెయ్యనా?"

ఎదురుగా గరిటె పట్టుకుని నిలబడ్డది గురువు. ఆ గరిటె పట్టుకున్న చేతితోనే రేపు సంతకం పెట్టాలి. "కొంచెం సార్," అంది. ఆయన కొంచెం వెయ్యలేదు, బాగానే వేశారు. మూడోసారి కూడా అడిగారు, ఆమె మూడోసారి కూడా తలూపింది. చేతులు కడుక్కునే సరికి ఆయన ఒక కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. చూస్తే హేమలత సర్వేలో వాడిన ఫారమే. షెడ్డు అన్నచోట కొట్టేసి పులుసు అని రాశారు. నచ్చిందా: అవును. మళ్ళీ పెడితే తింటారా: అవును. మరోసారి: అవును.

"నూటికి నూరు వచ్చింది," అన్నారాయన ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ. "అవునూ, నీ లెక్కలో ఆ ఆరుగురూ ఎవరు?"

హేమలత వాళ్ళను 'ఇతరములు' అన్న గడిలో వేసి మరిచిపోయింది. దారి పొడుగునా ఒక పక్క దాహం, ఇంకో పక్క సిగ్గు. హాస్టలుకు వెళ్ళకుండా నేరుగా బస్టాండు మలుపుకు నడిచింది. ఈసారి చేతిలో కాగితాల్లేవు. గంపల వెనకాల ఖాళీగా ఉన్న ఒక పెట్టె మీద కూర్చుని చూస్తూ ఉండిపోయింది.

ఆఫీసులు వదిలే వేళయింది. బస్సు ఆగడం, జనం దిగడం, దిగినవాళ్ళు ఇంటికి మళ్ళబోతూ గంపల దగ్గర వంగడం. బేరమాడి, తిట్టుకుని, నవ్వుకుని, చేపలు కోయించుకుని పోతున్నారు. మళ్ళీ బస్సు. ఈ బస్సులు ఊరవతలి షెడ్డు దాకా వెళ్ళవు. ఆ ముక్క తన నలభై పేజీల్లో ఎక్కడా లేదని హేమలతకు అప్పుడు తట్టింది.

ఆ మలుపులో అందరికీ పెద్దదిక్కు నూకరత్నం. ఆమె ఈ పిల్లను గుర్తుపట్టి నవ్వింది. "పరీచ్చ పాసైపోనావా అమ్మా?"

"పరీక్షేంటి పిన్నీ?"

"మరి ఆ రోజు సెప్పినావు గదా, ఇది నా సదువు కోసం, పరీచ్చ అని. పాపం ఆడపిల్ల, ఎండలో నిలబడి అడుగుతాది, కాదంటే మార్కులు పోతాయేమోనని అందరినీ అవునని సెప్పీమన్నాను." ఏదో మేలు చేసినదాన్లాగే చెప్పింది, నిజానికి చేసింది కూడా. "ఆ సెడ్డుకి ఎవులెల్తారమ్మా? బస్సు దిగినోలే మా బేరం. ఇక్కడే మీద నాలుగు రేకులేయిస్తే సాలు."

హేమలతకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. యాభై ఆరుగురు తన మీద ప్రేమతో తమ కడుపు తామే కొట్టుకోబోయారు. తను దాన్ని బొమ్మలు గీసి, రంగులేసి, అట్టకట్టి మరీ పైకి పంపబోయింది. కళ్ళు తుడుచుకుని, "మరి ఆ ఆరుగురూ ఎందుకు కాదన్నారు?" అని అడిగింది.

నూకరత్నం అటు చివర కూర్చున్న మసేనమ్మను పిలిచింది. మసేనమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మేం ఆరుగురం రేవు నుంచి ఎనకాల ఆటోలో ఆలీసంగా వచ్చినాం. నీ పరీచ్చ మాట మేం ఇన్నేదు. సెడ్డుకి వస్తావా అన్నావు, రానన్నాం. అంతే," అంది.

అంతే. యాభై ఆరుగురు పరీక్షకు జవాబు చెప్పారు, ఆరుగురు షెడ్డుకు చెప్పారు.

మర్నాడు ఆమె మునిసిపల్ ఆఫీసుకు ఫోను చేసి, తన రిపోర్టు తప్పని, మళ్ళీ రాస్తున్నానని చెప్పింది. అవతలి ఆయన కాస్త విసుక్కుని, ఉద్యోగం సంగతి అప్పుడు చూద్దామన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. అయినా పది సాయంత్రాలు ఆ పెట్టె మీదే కూర్చుంది. ఎవరినీ ఏమీ అడగలేదు. ఎవరు ఏ బస్సు దిగి ఏ గంప దగ్గర ఆగుతున్నారో రాసుకుంది. అందులో పదో వంతు జనమైనా ఊరవతలికి వచ్చే మార్గం లేదని, పైకప్పు ఈ మలుపులోనే వెయ్యాలని పన్నెండు పేజీల్లో తేల్చింది.

కమలాకరం గారు పన్నెండూ చదివారు. బాగుందనలేదు, లేదనలేదు. గడియారం చూసి, "భోజనం వేళయింది," అన్నారు.

మళ్ళీ అదే వంటిల్లు, అదే గిన్నె, ఆ గిన్నెలో అదే పులుసు. ఈసారి హేమలత ముందు ఆయన కంచం కేసి చూసింది. అందులో పెరుగన్నం, మాగాయ ముక్క తప్ప మరేమీ లేవు. ఆ రోజు కూడా అంతేనని ఆమెకు ఇప్పుడు గుర్తొచ్చింది. పన్నెండు పేజీలూ ఆయన మోచేతి పక్కనే ఉన్నాయి, సంతకం ఇంకా పడలేదు. గరిటె ఆమె కంచం మీదికి వచ్చింది.

"కొంచెం పులుసు వెయ్యనా?"

ఆమె కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు సార్. ఏం బాగోలేదు. ఆ రోజూ బాగోలేదు."

ఆయన గరిటె గిన్నెలో పడేసి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, జేబులోంచి కలం తీశారు. చివరి పేజీ తిప్పి, తీరిగ్గా సంతకం చేసి, కాగితాలు ఆమె వైపు జరిపారు.

"ఆరుగురన్నావు కదూ," అన్నారు పెరుగు గిన్నె ఆమె ముందుకు తోస్తూ. "నీతో ఏడు."