బొట్టు కింద దీపం

ఒక బట్టల షావుకారు కారు కొన్నాడు.

ఆ కారును లాగేవి రెండు. ఒకటి పెట్రోలు తాగి గుర్రుమంటూ లాగే ఇంజను. రెండోది బ్యాటరీ. అది చప్పుడు చెయ్యకుండా లాగుతుంది. ఆగిన బండి కదలాలన్నా, సందుల్లో ఆగి ఆగి పోవాలన్నా, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజనుకు దమ్ము చాలకపోయినా ముందుకొచ్చేది ఆ చప్పుడు లేనిదే. పేరు మాత్రం గుర్రుమనేదానికే దక్కుతుంది. వినపడేది అదే కదా మరి.

కారు ఇంటికి తెచ్చుకునే రోజున దాన్ని అమ్మిన అమ్మాయి షావుకారును కూర్చోబెట్టి మూడు సంగతులు చెప్పింది. స్టీరింగు ఎదుట మీటర్ల అద్దంలో ఇంజను బొమ్మతో పసుపుపచ్చ దీపం ఒకటుంది, అది నిలకడగా వెలిగితే కంగారు పడక్కర్లేదు, కానీ ఆలస్యం చెయ్యకుండా చూపించాలి. అదే దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటే బండిని అక్కడికక్కడే పక్కకు తీసి ఆపాలి. వెనక సీటు పక్కన జల్లెడలాగా కంతలున్నాయి, బ్యాటరీకి గాలి అందేది అక్కడినుంచే, వాటికి ఏదీ అడ్డం పెట్టకూడదు.

షావుకారు బుర్ర ఊపుతూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం చక్రాల కింద పెట్టిన నిమ్మకాయల మీద ఉన్నాయి. నాలుగూ సమంగా నలుగుతాయా లేదా అన్నది ఆ వేళ అతని బెంగ. ఆ మూడు సంగతులూ విన్నది పళ్ళెంలో స్వీట్లు పట్టుకుని పక్కన నిలబడిన అతని భార్య.

వాళ్ళకు కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో గొంతు షావుకారుది. పొద్దున్నే గల్లాపెట్టె దగ్గర కూర్చుని వచ్చేవాళ్ళను వరసలు పెట్టి పిలిచేవాడు, బేరాలాడేవాడు, నవ్వించేవాడు. విప్పి పడేసిన చీరలన్నీ మళ్ళీ మడతలు పెట్టేది ఆవిడ. గుమాస్తాలకు అన్నం వండేదీ, కొత్త సరుకు బేళ్ళు విప్పి దులిపేదీ ఆవిడే. ఈ మధ్య మెట్లెక్కుతూ సగంలో గోడ పట్టుకుని ఆగిపోతోంది. అక్కడ నిలబడ్డావేమని అతను కిందినుంచి కేకేస్తే ఊరికేనండీ అనేది. అతనికి ఆ జవాబు చాలు.

ఇంతలో ఒకరోజు దీపం వెలిగింది.

బండి ఎప్పటిలాగే పోతోంది. కుదుపు లేదు, వాసన లేదు, పొగ లేదు. అన్నీ బాగానే ఉన్నా ఆ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. నిజంగా ఏదైనా విరిగి పడి ఉంటే షావుకారు నిబ్బరంగానే ఉండేవాడు. ఏదీ విరక్కుండా దీపం వెలగడమే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు. కొట్లో కూర్చున్నా మనసు దాని మీదే. గుడ్డ కొలుస్తూ కొలుస్తూ ఎన్ని గజాలయిందో మరిచిపోయేవాడు. లేచి వెళ్ళి బండి తాళం తిప్పి చూసేవాడు. అది వెలుగుతూనే ఉండేది.

బావమరిది వచ్చి పెట్రోలు మూత సరిగ్గా బిగియకపోతే ఇలా అవుతుందన్నాడు. షావుకారు మూత బిగించాడు, విప్పి మళ్ళీ బిగించాడు. దీపం ఆరలేదు. రోడ్డు మీది మెకానిక్కు చిన్న యంత్రం తగిలించి దీపాన్ని ఆర్పేశాడు. ఇది ఆర్పడమే గానీ బాగు చెయ్యడం కాదని, ఒక పూట బండి వదిలిపెడితే విప్పి చూస్తానని కూడా అన్నాడు. పెళ్ళిళ్ళ సీజనులో పూట వదిలిపెట్టడం ఎవరి తరం? బండి ఊరు దాటకముందే దీపం మళ్ళీ కళ్ళు తెరిచింది. పక్క కొట్టాయన దిష్టి అన్నాడు. గుమ్మడికాయ కొట్టారు. ఆ ముక్కల మీద వీధి కుక్క ఒకటి జారి పడింది గానీ దీపం ఆరలేదు.

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ భార్య, ఆ అమ్మాయి వెనక కంతల సంగతేదో చెప్పిందండీ, ఒకసారి చూడకూడదా అంది.

షావుకారు విసుక్కున్నాడు. "ముందు దీపం వెలిగితే వెనక చూడమంటావేమిటే? చారు పొయ్యి."

ఆవిడ చారు పోసింది. ఏ మాటనూ రెండోసారి చెప్పే అలవాటు ఆవిడకు లేదు. మొదటిసారి చెప్పినప్పుడు వినే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

శుక్రవారం వచ్చింది. శుక్రవారాల్లో ఆవిడ గడపకూ, గల్లాపెట్టెకూ, కొలిచే గజం బద్దకూ, కారుకూ గంధం పూసి కుంకుమ బొట్టు పెడుతుంది. ఆ రోజు షావుకారు గంధం గిన్నె తన చేతిలోకి తీసుకున్నాడు. నేనే పెడతానని స్టీరింగు ముందు కూర్చుని, వేలితో ఇంత గంధం తీసి, సరిగ్గా దీపం మీది అద్దానికి మెత్తాడు. దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమ అద్దాడు. దీపం కనబడటం మానేసింది. చూసినవాళ్ళు ఎంత భక్తో అనుకున్నారు.

భార్య మాత్రం కారు కిటికీలోంచి చూసి, "దీపానికి బొట్టు పక్కన పెడతారు గానీ దాని మీద పెడతారా అండీ?" అంది.

అతను వినపడనట్టు దిగిపోయాడు.

ఒక్కపూట హాయిగా గడిచింది. తరవాత మొదలైంది అసలు బాధ. అంతకుముందు దీపాన్ని చూసినప్పుడే దిగులు. ఇప్పుడు బొట్టును చూస్తే దిగులు. కనిపించనంత మాత్రాన అది వెలగడం మానలేదని అతనికి తెలుసు. ఎండకు గంధం ఎండి అంచులు రాలుతుంటే మళ్ళీ పూసేవాడు. మునిమాపు వేళ బొట్టు చుట్టూ సన్నగా పచ్చని గీత కనబడేది. తల తిప్పుకునేవాడు.

కొండ మీద ఏడాదికోసారి పెద్ద సంత జరుగుతుంది. అందులో దుప్పట్లు, చీరలు బాగా పోతాయి. వ్యాను అద్దె దండగని షావుకారు ఎప్పటిలాగే మూటలన్నీ కారులోనే వేశాడు. డిక్కీ నిండింది. వెనక సీటు కూడా పైకప్పు దాకా నిండింది. కొండ ఆడవాళ్ళు ఆవిడ చేతి మీద బట్ట చూస్తేనే కొంటారు కాబట్టి భార్యను కూడా బయల్దేరదీశాడు. ఆవిడ రాత్రంతా మూటలు కట్టి ఉంది. ముందు సీటును వెనక్కి జరపడానికి మూటలు అడ్డం. ఆవిడ నిటారుగా కూర్చుని, మిగిలిన ఒక్క మూటా ఒళ్ళో పెట్టుకుంది.

ఘాట్ మొదలయ్యేదాకా బండి బాగానే నడిచింది. మొదటి మలుపులోనే షావుకారుకు తేడా తెలిసింది. ఇంజను మామూలుకంటే గట్టిగా గుర్రుమంటోంది. రెండోదాని ఆసరా అందడం లేదు. ఎత్తంతా ఒక్కటే లాగుతోంది. అతను ఆక్సిలేటరు ఇంకాస్త తొక్కాడు. ఇంజను దగ్గింది. బండి కుదిపింది. ఆ కుదుపుకు ఎండిన గంధం పగిలి, పగుల్లోంచి పచ్చని వెలుగు ఆరుతూ వెలుగుతూ కనిపించింది.

"ఆపండి," అంది భార్య.

ముందుగా చేరినవాళ్ళకే సంతలో మంచి చోటు. అతను ఇంకొక్క మలుపు అనుకున్నాడు.

"ఆపమంటున్నానా."

ఆవిడ ఒకే మాట రెండోసారి అనడం ఇదే మొదలు. దీపానికంటే ఆ గొంతుకే అతను ఎక్కువ భయపడ్డాడు. బండి పక్కకు తీసి ఆపాడు.

దిగి బానెట్టు ఎత్తాడు. వేడి మొహాన కొట్టింది. చేసేదేమీ తోచక, కంతలు అన్న మాట ఎక్కడో గుర్తొచ్చి, వెనక తలుపు తెరిచి మూటలు లాగి పిట్టగోడ మీద పడెయ్యడం మొదలుపెట్టాడు. అన్నిటికంటే అడుగున, సీటు పక్కన, జల్లెడ కనబడింది. కంతలన్నీ నూగుతో పూడిపోయి ఉన్నాయి. అతను అమ్మిన చీరల నూగు, దుప్పట్ల నూగు, ఇన్నాళ్ళుగా అతను మోయించిన ప్రతి మూటా కాస్త కాస్త వదిలిపెట్టిన నూగు. వేలు పెట్టి గీకితే దూదిపింజలా ఊడి వచ్చింది. లోపల చెయ్యి కాలేంత వేడి.

ఇన్నాళ్ళూ దానికి ఊపిరాడలేదన్నమాట అనుకున్నాడు. చప్పుడు చేసేదైతే ఎప్పుడో చెప్పేది.

గీకడం అయ్యాక లోపల చిన్న ఫ్యాను తిరుగుతున్న శబ్దం వినిపించింది. షావుకారుకు ప్రాణం లేచి వచ్చింది. మూటలు అందుకోవే అని పిలవబోయాడు. అప్పుడు తట్టింది అతనికి, ఆవిడ ఇంకా దిగలేదని. ఎక్కడ ఆగినా అతనికంటే ముందు దిగే మనిషి ఆవిడ.

వెళ్ళి చూశాడు. తలుపు తెరుచుకుని కాళ్ళు బయట పెట్టి కూర్చుని ఉంది. ఒళ్ళో మూట అలాగే ఉంది. ఒక చెయ్యి గుండె మీద ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు పైకి లేస్తున్నాయి. నుదుట చెమటకు కుంకుమ కరిగి కిందికి జారింది. మెట్ల మధ్య గోడ పట్టుకున్న చెయ్యి అతని కళ్ళ ముందు మెదిలింది. ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. అక్కడే నేల మీద కూర్చున్నాడు.

ఆవిడ ఒళ్ళోని మూట తీసి పక్కన పెట్టాడు.

"నీకు ఎప్పట్నించీ ఇలా ఉంది?"

 ఆ ప్రశ్న అడిగింది అతనేనా అన్నట్టు ఆవిడ చూసింది. తరవాత ఊపిరి కూడగట్టుకుని చెప్పింది.

"ఆ దీపం వెలగకముందు నుంచీ."

పైన సంత దగ్గర్లోనే ఉంది. మైకులో పాటలు వినబడుతున్నాయి. కింద ఊళ్ళో ఆస్పత్రి ఉంది. షావుకారు కండువా తడిపి, ముందు ఆవిడ మొహం తుడిచాడు. అదే కండువాతో అద్దం మీది గంధమూ కుంకుమా తుడిచేశాడు. దీపం కనబడింది. ఇప్పుడది ఆరడం లేదు, నిలకడగా వెలుగుతోంది.

ముందు సీటు వెనక్కి వాల్చి ఆవిడను ఆనుకుని కూర్చోమన్నాడు. వెనక మూటలు లేవు గనక సీటు వాలింది. ఇంజను కాస్త చల్లబడేదాకా ఆవిడ పక్కనే నిలబడి, తరవాత బండి కిందివైపు తిప్పాడు.

"మూటలండీ," అంది ఆవిడ.

అతను అద్దంలోంచి వెనక్కి చూడలేదు.

ఆ కారుకు ఇంకో గుణం ఉంది. ఎత్తు ఎక్కేటప్పుడు చప్పుడు లేనిది తన బలం ఖర్చు పెడుతుంది. పల్లం దిగేటప్పుడు తిరిగి కూడగట్టుకుంటుంది. అతను నెమ్మదిగా, మలుపు మలుపుకూ బ్రేకు వేస్తూ దిగుతున్నాడు. దారి పొడుగునా ఒక చెవి ఆవిడ ఊపిరి మీదే ఉంచాడు. కొండ సగం దిగేసరికి ఆవిడ కళ్ళు తెరిచి ఎదుట అద్దం వైపు చూసింది.

"ఇంకా వెలుగుతూనే ఉందండీ."

"వెలగనీ," అన్నాడు షావుకారు.