వరుసలో నిలబడ్డ బిందెలు

చేతిలో ఉన్న నలభై వేలు ముందు కట్టి, మిగతాది వాయిదాల మీద పాత ట్రాక్టరు, ట్యాంకరు కొని ఎర్రగుట్ట కాలనీలో నీళ్లు అమ్ముకునే ఓబులేసు లెక్కల్లో చురుకైనవాడే కానీ, ఏ లెక్కనైనా తన లాభం దాకానే చూసేవాడు.

ఆ ఏడు రాష్ట్రమంతా ఒక కొత్త రకం ఓటు వచ్చింది. అది నాయకుల కోసం కాదు. ప్రభుత్వం బాండ్లు అమ్మి, ఆ అప్పుతో ఇంటింటికీ కుళాయి వేయాలా, వద్దా అన్నది జనమే తేల్చాలి.

కుళాయిలు వస్తే ట్యాంకరు మూలపడుతుంది. వాయిదాలు మాత్రం ఆగవు. కాలనీవాళ్లంతా కుళాయిలకే ఓటేస్తారని ఓబులేసుకు తెలుసు. అందుకే ఓటు రోజు పొద్దున తేవలసిన నీళ్లు మూడు దాటాక తెచ్చాడు. అయిదింటికి ఊరి బడిలో పోలింగు ముగుస్తుంది. ఈలోపు వీళ్లు నీళ్ల వరుస వదిలి కదలరని అతని లెక్క.

"ఏమబ్బీ, పెళ్లికొడుకులా ఇప్పుడా రావడం?" అంది కాలనీలో పెద్దదైన సుంకమ్మవ్వ.

"టైరు పంచరైంది అవ్వా."

"అయ్యో! పొద్దున్నుంచి నీ నీళ్ల కోసమే కాచుకుని ఉన్నాం. మరి మా ఓట్లో?"

"నీళ్లు కావాలో, ఓటు కావాలో మీరే చూసుకోండి," అన్నాడు ఓబులేసు.

అవ్వ నవ్వింది. "ఓటుకైతే మనిషి పోవాలి. నీళ్లకు బిందె నిలబడితే చాలదూ?" అంటూ తన బిందె వరుసలో పెట్టింది. మిగతావాళ్లూ పెట్టేశారు. "నువ్వున్నావుగా, చూస్తూ ఉండు నాయనా. ఇదిగో, పంచరుకు ఖర్చయి ఉంటుంది," అని అతని చేతిలో పది రూపాయలు పెట్టి, అందరితో కలిసి బడికి బయలుదేరింది.

ఓబులేసు ఆ నోటు జేబులో పెట్టుకోలేకపోయాడు. ఒక్కడే కూర్చుని బిందెలన్నీ నింపాడు.

వాళ్లు తిరిగిరాగానే నోటు అవ్వకు ఇచ్చేశాడు. "పంచరు కాలేదవ్వా. మీరు ఓటుకు పోకూడదనే ఆలస్యం చేశాను. బండి అప్పు ఇంకా తీరలేదు," అన్నాడు తల వంచుకుని.

అవ్వ ఆ నోటు కొంగున ముడేసుకుంది. "మాతో చెప్పుకోవలసింది అబ్బీ. నీ భయం మాకు అర్థం కాదా? ఇంతకీ నువ్వు ఓటేశావా?"

"లేదు."

"ఇంకా టైముంది, పో. దేనికేస్తావో నీ ఇష్టం. నీ బండి మేం చూస్తుంటాం."

ఓబులేసు ట్రాక్టరు తాళాలు అవ్వ చేతికిచ్చి బడి వైపు కదిలాడు.

నీతి: మన బతుకుతెరువు కోసం భయపడటం తప్పు కాదు, ఆ భయంతో పదిమంది మేలుకు అడ్డుపడటమే తప్పు.