గోడ నడుమ రాళ్లు

అనగనగా ఇంగ్లాండు దేశపు పల్లెలో ఒక పాత రైతు ఇల్లు. మన పూరిళ్లలాగే పైన గడ్డి కప్పు. గోడలు మాత్రం రాతివి, చాచిన చేయంత మందం. ఆ గోడ నడుమ మీసాలమ్మ అనే ఎలుక కాపురం ఉండేది. చూరు కింద పిచ్చుక, గోడ మొదట్లో ముసలి కప్ప దాని ఇరుగుపొరుగు.

మీసాలమ్మ నిండు చూలాలు. ఉన్న చోటు ఇరుకు. గోడ నడుమ కూరిన చిన్న రాళ్లను దొర్లించి, కన్నంలోంచి బయటికి తోసింది. మెత్తని పడక అమరింది.

కప్ప చూసింది. “అమ్మాయ్, ఇది ఒక గోడ కాదే, రెండు. బయట ఒక వరస పెద్ద రాళ్లు, లోపల ఒక వరస. నడుమ ఈ చిన్నవి బిగించబట్టే రెండూ నిలిచాయి. తియ్యకు.”

“కంటికి కనపడని రాళ్లు ఇంటినేం మోస్తాయి తాతా! బురదలో నాని నీ బుర్ర మెత్తబడింది,” అని నవ్వింది మీసాలమ్మ.

గింజలు దాచడానికని మరికొన్ని తీసింది. పైనుంచి పిచ్చుక తొంగిచూసి, “వదినా, నువ్వు కట్టేది గదినా, కోటనా? నేను గుడ్ల మీద ఉన్నాను. గూడు అదురుతోంది,” అంది.

“ఇంకొక్క గదే వదినా. పిల్లలు ఆడుకోవద్దూ?”

అప్పటికే గోడకు పొట్ట వచ్చింది. మీసాలమ్మ ఆ ఉబ్బును చూసింది. కాసేపు ఆగింది కూడా. ‘ఇన్నేళ్ల గోడ, నాలుగు రాళ్లకు పడుతుందా?’ అనుకుని మూడోసారీ తవ్వింది.

పిల్లలు పుట్టాయి. వాన పట్టింది. గోడ సందుల్లోకి నీరు దిగింది. ఒక ఉదయం బయటి రాళ్లు పెళపెళమని జారాయి. మీసాలమ్మ పిల్లల్ని ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని కంచె కిందికి చేర్చింది. వెనక్కి తిరిగి చూస్తే చూరు వేలాడుతోంది. పిచ్చుక గూడు రాళ్ల కింద ఉంది. గుడ్లు ఒక్కటీ మిగల్లేదు.

“వదినా...” అంది మీసాలమ్మ.

పిచ్చుక ఆ రాళ్ల చుట్టూనే ఎగురుతోంది.

వాన వెలిశాక మేస్త్రీ వచ్చాడు. పెద్ద రాయి ముట్టుకోకముందే, గడ్డిలో పడి ఉన్న చిన్న రాళ్లను గంపలోకి ఏరుకున్నాడు. ముళ్లపొదలోకి దొర్లినవి అతనికి కనపడలేదు. అవెక్కడున్నాయో మీసాలమ్మకే తెలుసు. అతను అటు వెళ్లగానే వాటిని ముక్కుతో నెట్టుకుంటూ గంప పక్కకు చేర్చింది. బయటికి తోసేటప్పుడు ఎంత తేలికనిపించాయి! ఇప్పుడు ఒక్కోటీ కొండంత బరువు.

“గోడ నిలుస్తుందిలే అమ్మాయ్,” అంది కప్ప. గూటి మాట ఎత్తలేదు.

నీతి: కంటికి ఆనని చిన్నవే ఇంటిని నిలబెడతాయి. మన చోటు కోసం వాటిని పెకిలిస్తే, కూలేది మన గూడొక్కటే కాదు.