సర్పంచ్ గారికి వినపడని మోత

సర్పంచ్ భూషణం గారి కొడుకు కిరీటి తన మోటార్‌సైకిల్‌కు పాత సైలెన్సర్ విప్పేసి, చెవులు చిల్లులు పడే కొత్తది పెరట్లోనే బిగించుకున్నాడు. వీధి చివర బట్టలు కుట్టుకునే సూరీడమ్మ వచ్చి, గుండె ఆపరేషనైన తన భర్త ఆ మోతకు వణికిపోతున్నాడని చెప్పుకుంది.

"మా ఇంట్లో ఎవరికీ వినపడని మోత నీకే వినపడిందా?" అన్నాడు భూషణం.

"మీరు మధ్యాహ్నం పడుకుంటారని చినబాబు బండిని మా గుమ్మం దాకా తోసుకొచ్చి స్టార్ట్ చేస్తారండి. వచ్చేటప్పుడూ అక్కడే ఆపేస్తారు," అంది సూరీడమ్మ నెమ్మదిగా. "రేపొక్కరోజు మీ గుమ్మంలో స్టార్ట్ చెయ్యమనండి. మీకు నిద్ర పడితే మళ్ళీ ఈ మాట ఎత్తను."

భూషణం, అరుగు మీద నిలబడ్డ కొడుకు వైపు చూశాడు. కిరీటి తల దించుకున్నాడు.

ఆ సాయంత్రం పాత సైలెన్సర్ మళ్ళీ బిగించేదాకా భూషణం పెరట్లోంచి కదల్లేదు.